పండుగకు ఏ పట్నం పోవలె?

ఒకనాడు తెలుగువారికి దూరప్రయాణమంటే కాశీయాత్రే. 1830లో చెన్నపట్నం నుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పదిహేను నెలలకు పైగా ప్రయాణం చేసి, కాశి చూచి, మరుసటి ఏట తిరిగివచ్చాడు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ గ్రంథానికి నేటికీ విలువ తరగలేదు. ఇందుకు కారణం ఆయన చూచిన గుడిగోపురాలు మాత్రమే కాదు. మజిలీ చేసిన ప్రతి ఊళ్లోను అక్కడ ఏ సరుకు దొరుకుతుంది, నీటి వసతి ఎట్లున్నది, జనం ఏ వృత్తి మీద బ్రతుకుతున్నారు అని ఆయన విచారించాడు. యాత్రికుడంటే కన్నులున్నవాడు మాత్రమే కాదు, ప్రశ్న ఉన్నవాడని ఆయన ప్రయాణం నిరూపించింది.

ఇప్పుడు యాత్రల దిక్కు మారింది. కాశికి పోయేవారు పోతూనే ఉన్నారు. వారితోపాటు సముద్రాలు దాటి పండుగ చూడబోయే కుటుంబాలు కూడ పెరుగుతున్నాయి. ఈ మార్పు హైదరాబాదు, విజయవాడలకే పరిమితం కాదు. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల నుండి కూడ చదువుకున్న బిడ్డలు పరదేశాలకు ఉద్యోగాలకు పోతున్నారు. డిసెంబరు దగ్గరపడగానే, “అమ్మా, నాయనా, ఈ చలికాలం మీరిద్దరూ రండి, ఇక్కడి పండుగ చూసి పోదురు” అని వారి నుండి పిలుపు వస్తుంది. పిలుపుతోపాటు ప్రశ్న కూడ వస్తుంది: ఏ పట్నం పోవలె?

ఈ ప్రశ్నకు నేడు జవాబు చెప్పేవి బొమ్మలు. చేతిలోని ఫోను తెరచినంతనే మంచు కప్పిన కప్పులు, దీపాలు తగిలించిన చెట్లు, ఎర్రటోపీ ముసలివాడు కనిపిస్తారు. ఏ బొమ్మలో దీపాలెక్కువో ఆ పట్నమే గొప్పదనిపిస్తుంది. లేకుంటే విమానపు టికెట్టు ఎక్కడికి చవకో అక్కడికి. అదీ కాకుంటే నిరుడు పక్కింటివారు ఎక్కడికి పోయివచ్చారో అక్కడికి! పెండ్లి సంబంధానికి నాలుగు ఇండ్లు విచారించే జనం, జీవితకాలంలో ఒకసారి చేసే దూరప్రయాణానికి మాత్రం ఒక్క విచారణ కూడ లేకుండ బయలుదేరడం ఆశ్చర్యం.

విచారించవలసిన మొదటి సంగతి పంచాంగమే. ఐరోపాలోని క్రిస్మస్ సంతలు మార్గశిర మాసపు జాతరల వంటివి. వాటికొక తిథి ఉన్నది. జర్మనీలోని న్యూరెంబర్గు సంత క్రిస్మసుకు నాలుగు వారాల ముందు మొదలై డిసెంబరు 24న ముగుస్తుంది. డ్రెస్డెన్ సంత కూడ ఆనాటితోనే సరి. ఆంధ్రప్రదేశ్‌లో మిషనరీ పాఠశాలలను మినహాయిస్తే బడులకు చలికాలంలో వచ్చే పెద్ద సెలవులు సంక్రాంతివి. ఆ సెలవులను నమ్ముకొని జనవరి నడుమ ఆ సంతల కొరకు పోయిన ఉపాధ్యాయ కుటుంబానికి అక్కడ కనిపించేది ఖాళీ మైదానం. తేరు కదలిపోయిన తరువాత తాడు పట్టబోయినట్లుంటుంది.

రెండవ సంగతి భూగోళం. ఉత్తరాది దేశాలవారు డిసెంబరులో అన్ని దీపాలెందుకు వెలిగిస్తారు? అది ఆడంబరం మాత్రమే అనుకొంటే పొరపాటు. భూమి అక్షం 23½ డిగ్రీలు వాలి ఉండటం చేత, ఉత్తరార్ధగోళంలో పైకి పోయినకొలది చలికాలపు పగలు కుంచించుకుపోతుంది. ఆదోని భూమధ్యరేఖకు 15½ డిగ్రీల ఉత్తరాన ఉన్నది. డిసెంబరు 21న కూడ ఇక్కడ పగలు 11 గంటలకు పైగా ఉంటుంది. 51 డిగ్రీల ఉత్తరాన ఉన్న డ్రెస్డెన్‌లో అదే రోజు పగలు సుమారు 8 గంటలే. ధ్రువవృత్తం దగ్గరున్న రొవానియెమిలో సూర్యుడు రెండు గంటల సేపు కనిపించి దిగిపోతాడు. బడికి చీకటిలో పోయి, చీకటిలో ఇల్లు చేరే పిల్లవానికి కిటికీలోని దీపం అలంకారం కాదు, ఓదార్పు.

ఆ మాటకొస్తే సంక్రాంతి కూడ సూర్యుని మలుపును పట్టుకొని పుట్టిన పండుగే. సూర్యుడు దక్షిణపు హద్దు చేరి వెనుకకు తిరిగేది డిసెంబరు 21, 22 తేదీలలో. అయనాంశం జరగడం వల్ల నిరయన గణితంలోని మకర సంక్రమణం ఇప్పుడు జనవరి 14, 15 తేదీలకు వచ్చింది. భోగిమంట వేసే పల్లెకు, కిటికీలో కొవ్వొత్తి పెట్టే పల్లెకు నడుమ వేల మైళ్ల దూరమున్నా, రెండు చోట్లా మనిషి ఎదురుచూచేది ఆ సూర్యుని కొరకే. ఈ చుట్టరికం తెలిసి పోయినవాడు పరదేశపు పండుగను వింతగా కాక, మేనత్త ఇంటి పండుగగా చూడగలడు.

ఇక ఎంపిక. దీనికి మూడు ప్రశ్నలు వేసుకొంటే చాలు. ఈ పండుగ ఎవరిది? ఈ పండుగను చేసే చేతులు ఎక్కడివి? పండుగ ముగిసిన మరునాడు ఆ చేతులకు పని ఉన్నదా? ఈ మూడింటికి జవాబు చెప్పగల పట్నమే చూడదగిన పట్నం. దీపాల లెక్క తరువాతిది.

పేరుపొందిన నాలుగైదు పట్నాలను ఈ ప్రశ్నల ముందు నిలబెట్టవచ్చును. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో డిసెంబరు సంతకు రాజానుమతి లభించింది 13వ శతాబ్దపు చివర. అయితే నేడు జనం విరగబడి చూచే నగర సభాభవనం ఎదుటి సంత అక్కడికి చేరింది 1975లో. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గు సంత 1570 నాటిది. మతసంస్కరణోద్యమం సాగుతున్న ఆ కాలంలో నికొలసు ముని పేరిట జరిగే సంతను మాన్పించి, బాలక్రీస్తు పేరిట దానిని నిలిపారు. అంటే ఒక సంత పేరులో ఒక యుగపు మతచరిత్ర దాగి ఉన్నదన్నమాట. న్యూరెంబర్గు సంతకు 1628 నాటి ఆధారం దొరుకుతున్నది. అక్కడ బాలక్రీస్తు వేషం కట్టి, చర్చి పైనుండి స్వాగతవచనం పలికి సంతను ప్రారంభించేది ఆ ఊరి పదహారు పందొమ్మిదేండ్ల నడుమ వయసు పిల్ల. రెండేండ్లకొకసారి ఒక పిల్లను ఎన్నుకొంటారు. పై తరగతులు చదివే విద్యార్థినులు ఈ సంగతిని గమనింతురు గాక. ఊరి పండుగను తెరిచే గౌరవం ధనవంతునికి గాని మంత్రికి గాని కాక చదువుకొనే ఆడపిల్లకు ఇచ్చిన ఊరు అది.

ఫిన్‌లాండులోని రొవానియెమి కథ వేరు. 1944లో వెనుదిరిగి పోతున్న జర్మను సేనలు ఆ పట్టణాన్ని తగులబెట్టాయి. యుద్ధం ముగిసిన తరువాత అల్వార్ ఆల్తో అనే వాస్తుశిల్పి దానికి కొత్త రూపురేఖలు గీశాడు. 1950లో ఎలినార్ రూజ్‌వెల్టు రాక కొరకు ధ్రువవృత్తం మీద ఒక చిన్న కుటీరం కట్టారు. 1985లో అక్కడే క్రిస్మసు తాత గ్రామం వెలిసింది. బూడిద నుండి లేచిన ఊరు బ్రతుకుతెరువు వెదకుకొన్నది. అది తప్పు పట్టవలసినది కాదు. కాని మొదటి ప్రశ్నకు దాని జవాబు ఒకటే: ఈ పండుగ వచ్చేవారి కొరకు ఏర్పడినది. అతిథి లేకుంటే పండుగ లేదు.

ఈ మూడు ప్రశ్నలకు నిండైన జవాబు చెప్పే పట్నం డ్రెస్డెన్. 1434లో సాక్సనీ ప్రభువు రెండవ ఫ్రెడరిక్ క్రిస్మసుకు ముందు ఒక్కరోజు మాంసపు సంతకు అనుమతి ఇచ్చాడు. ఉపవాసాలు ముగించి పండుగ వంట చేసుకొనే జనానికి కావలసిన సరుకు దొరకడం కొరకు పుట్టిన సంత అది. ఆ సంతకు స్ట్రీట్సెల్ అనే పేరు వచ్చింది అక్కడ అమ్మే తీపి రొట్టె వలన. రాజుగారి గొప్ప కొరకు కాదు, ఇంటి వంట కొరకు పుట్టిన పండుగ గనుకనే ఆరువందల ఏండ్లు కావస్తున్నా నిలిచి ఉన్నది. 1945 ఫిబ్రవరిలో బాంబుల వర్షానికి నగరం నడిబొడ్డు నేలమట్టమైనా, దాని నడుమ కూలిన ఫ్రావెన్‌కిర్షె అనే చర్చి 2005 వరకు తిరిగి లేవకపోయినా, ఆ సంత మాత్రం మళ్లీ కూడింది.

అంతకన్న ముఖ్యమైనది ఆ అంగళ్లలోని కొయ్యబొమ్మల కథ. డ్రెస్డెన్‌కు దక్షిణాన ఖనిజ పర్వతాలనే కొండల వరుస ఉన్నది. వెండి, తగరము త్రవ్వి బ్రతికిన పల్లెలు అవి. గని అడుగంటింది. కూలి పోయింది. అట్టి సమయంలో సైఫెన్ వంటి పల్లెలలోని గనికార్మికులు తరిమెన పట్టి కొయ్య తొలవడం నేర్చుకొన్నారు. కొయ్యను గుండ్రని కడియంగా తరిమెన పట్టి, ఆ కడియాన్ని ముక్కలుగా చీల్చితే ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్క గుర్రమో ఆవో రూపం తీరి బయటపడే విద్య వారి సొంతం. పగలంతా భూమి అడుగున చీకటిలో పనిచేసిన వంశాలు గనుక, వారు చేసిన బొమ్మలు దీపధారులు. చేత కొవ్వొత్తి పట్టిన గనికార్మికుడు ఒకటి. కొవ్వొత్తి పట్టిన దేవదూత మరొకటి. ఇంటిలో ఎందరు మగపిల్లలుంటే అందరు కార్మికులను, ఎందరు ఆడపిల్లలుంటే అందరు దేవదూతలను కిటికీలో నిలబెట్టడం అక్కడి ఆచారం. ఆ కొండసీమను 2019లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. పండుగ సంత వారికి ఏడాది తిండి. వారి చేతిపని సంతకు ప్రాణం. పండుగకు, పల్లెకు నడుమ ఉన్న ఈ పొత్తు చూడటానికి మంచులో నిలబడినా నష్టం లేదు.

చలి గిట్టనివారికి మరొక పట్నం కలదు. మారిషస్ ద్వీపంలోని పోర్ట్ లూయీ దక్షిణార్ధగోళంలో ఉన్నది కనుక, అక్కడ డిసెంబరు, జనవరి నెలలు ఎండకాలం. అక్కడి తెలుగువారు సంక్రాంతిని ఉక్కపోతలో జరుపుకొంటారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 1834 నుండి చెరకు తోటల పనికి భారతదేశపు నలుమూలల నుండి ఒప్పంద కూలీలను ఆ ద్వీపానికి తీసుకొనిపోయారు. వారిలో ఆంధ్రతీరపు జనం ఉన్నారు. వారు ఓడ దిగి ఎక్కిన మెట్లు, వారిని నిలిపి పేర్లు వ్రాసుకొన్న కట్టడం నేటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అనే ఆ స్థలాన్ని 2006లో ప్రపంచ వారసత్వంగా గుర్తించారు. ఆ మెట్ల మీద నిలబడిన తెలుగు యాత్రికునికి ఒక సంగతి స్ఫురించక మానదు. పరదేశమంటే తెలుగువారికి మొదట విహారస్థలం కాదు. పొట్టకూటికి పోయిన చోటు. భాష మరువకుండ, పండుగ విడువకుండ వారు నిలబెట్టుకొన్న దానినే నేటి యాత్రికుడు పండుగగా చూస్తున్నాడు.

“విహారానికి పోయేవానికి ఇన్ని విచారణలెందుకు? నాలుగు దినాలు హాయిగా తిరిగి వస్తే చాలదా?” అని ఎవరైనా అడుగవచ్చును. అడిగినవారిది తప్పు కాదు. ఏడాదంతా బడిలోనో అంగడిలోనో శ్రమించినవానికి విశ్రాంతి కావలసినదే. కాని విచారించి పోయినంత మాత్రాన హాయి తగ్గదు. తెలియని రాగం విన్నవాని ఆనందం ఒకటి, తెలిసి విన్నవాని ఆనందం మరొకటి. పైగా తెలియక చూచినది ఫొటోలోనే ఉండిపోతుంది. తెలిసి చూచినది మనిషితోపాటు ఇంటికి వస్తుంది. ఇంటికి వచ్చిన చూపు సొంత ఊరిని కూడ కొత్తగా చూస్తుంది. దూరయాత్ర వలన కలిగే లాభాలలో ఇదే పెద్దది.

సొంత ఊరంటే చిన్నచూపు ఈ సీమకు తగదు. పండుగ చూడటానికి పరదేశీయులు సముద్రం దాటి వచ్చిన పట్నం ఒకప్పుడు ఆదోనికి పడమటి దిక్కునే, తుంగభద్ర ఒడ్డున ఉండేది. 1443లో పారశీక ప్రభువు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరంలో మహర్నవమి ఉత్సవాన్ని చూచి వ్రాశాడు. 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల కాలాన పోర్చుగీసు వాడైన డొమింగో పాయెస్ ఆ తొమ్మిది దినాల ఉత్సవాన్ని కన్నులారా చూచి, మల్లుల కుస్తీలు, నాట్యగత్తెల ఆభరణాలు, ఏనుగుల అలంకారాలు, బాణసంచా వర్ణించాడు. ఆయన అంతటితో ఆగలేదు. వీధులలో ఏ రోజు ఏ సంత కూడుతుంది, ఏ సరుకు ఎక్కడ అమ్ముతారు అని కూడ వ్రాసిపెట్టాడు. ఆ పట్నం విస్తారంలో రోము అంత ఉన్నదని ఆయన అంచనా. మహర్నవమి దిబ్బ నేడు శిథిలం. దాని మీద జరిగిన పండుగను గురించి ఇంత తెలుస్తున్నదంటే అందుకు కారణం ప్రశ్నలతో వచ్చిన ఆ యాత్రికులే.

ఆ విజయనగర రాజ్యపు బలమైన దుర్గాలలో ఆదోని ఒకటి. నేటికీ కొండ మీద కోట ఆనవాళ్లున్నాయి. ఊళ్లో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్నది. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని మార్కెట్టు ఒకటి. చలికాలం వచ్చేసరికి బండ్లు, లారీలు పత్తితో బారులు తీరుతాయి. దానికి సమీపాననే ఎమ్మిగనూరు. పుష్య పౌర్ణమి వేళ అక్కడ నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. తేరు లాగుతారు, ఎద్దుల సంత కూడుతుంది, కర్నాటకం నుండి కూడ రైతులు వస్తారు. డ్రెస్డెన్ సంతకు వేసిన ప్రశ్నలే ఈ జాతరకు కూడ వేసి చూడవలె.

మొదటి ప్రశ్న: ఈ పండుగ ఎవరిది? ఇందుకు సందేహం అక్కరలేదు. ఇది ఆ ఊరిది, చుట్టుప్రక్కల పల్లెలది. ఎవరూ చూడటానికి రాకపోయినా తేరు కదలుతుంది.

రెండవ ప్రశ్న: చేతులెక్కడివి? ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించాడు. నూలు సమకూర్చి ఇవ్వడం, నేసిన గుడ్డను తీసుకొని అమ్మిపెట్టడం దాని పని. ఒక్కొక్క నేతగాడు వర్తకుని వాకిట ఒంటరిగా నిలబడవలసిన దుస్థితిని తప్పించడానికి పుట్టిన సంస్థ అది. ఎమ్మిగనూరు దుప్పట్ల పేరు దూరదేశాలకు ప్రాకింది ఆ సంఘం వల్లనే. ఆనాటి వైభవం నేడు లేదు. మరమగ్గాలతో పోటీ పడలేక ఎన్నో మగ్గాలు మూలబడ్డాయి. గని మూతపడిన పల్లె బొమ్మలు నేర్చుకొని నిలిచినది. మగ్గం ఉన్న ఊరు మగ్గాన్ని నిలుపుకోలేక తడబడుతున్నది. జాతరకు వచ్చిన జనం అంగడిలో ఎక్కడో యంత్రంలో పోసిన ప్లాస్టిక్కు బొమ్మ కొని, ఊరి మగ్గం మీది గుడ్డను చూడకుండ పోతే, పండుగకు, పల్లెకు నడుమ పొత్తు తెగినట్లే. డ్రెస్డెన్‌లో కొయ్యబొమ్మను మురిపెంగా కొని తెచ్చేవారు ఎమ్మిగనూరు దుప్పటిని బేరమాడి వదలివేయడం ఏమి న్యాయం?

మూడవ ప్రశ్న కఠినమైనది. పండుగ ముగిసిన మరునాడు ఆ చేతులకు పని ఉన్నదా?

దీనికి జవాబు ఒక చిన్న మాటలో ఉన్నది. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడే వరకు బళ్లారి జిల్లాలోనివి. అందుచేత ఇక్కడి తెలుగులో కన్నడపు మాటలు కలగలిసి ఉన్నాయి. వాటిలో ఒకటి ‘సుగ్గి’. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికి వచ్చే కాలం. సుగ్గి హబ్బమంటే సంక్రాంతి పండుగ. ఆ మాటే పడమటి కర్నూలు పల్లెలలో వాడుకలో మరొక అర్థం తెచ్చుకొన్నది. ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటే ఇల్లు తాళం వేసి, పిల్లాజెల్లాతో పరాయి సీమకు కూలికి పోవడం. ఒక పండుగ పేరు వలస పేరుగా మారిపోయింది. నిఘంటువులు వ్రాసేవారు దీనిని అర్థవిపరిణామం అంటారు. విపరిణామం పొందినది అర్థం మాత్రమే కాదు, జీవితం.

ఈ సీమలో వాన తక్కువ. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందిన చేను కొంత, అందని చేను ఎంతో. ఖరీఫు పంట ఇంటికి వచ్చినా రాకపోయినా, చలికాలానికి చేనులో పని ఉండదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఎమ్మిగనూరు ప్రాంతాల కుటుంబాలు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు సీమకు, తెలంగాణకు తరలిపోతాయి. కొందరు కట్టడపు పనికి బెంగుళూరు చేరతారు. ఆదోని మార్కెట్టులో పత్తి బోరాలు కొండలుగా పెరుగుతున్న నెలలలోనే ఆ చుట్టుపల్లెల వారు మరొకరి చేనిలో పత్తి ఏరుతూ ఉంటారు. బడిలో ఉపాధ్యాయుడు హాజరు పిలిచినప్పుడు ఒక పేరుకు జవాబు రాదు. ప్రక్కన కూర్చున్న పిల్లవాడు లేచి, “సుగ్గికి పోయినాడు సార్” అంటాడు. ఉపాధ్యాయునికి అది వింత కాదు; ఆ గడిలో ఒక సున్న చుట్టి తరువాతి పేరు పిలుస్తాడు. సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచేసరికి కొన్ని తరగతులలో బల్లలు ఖాళీగా కనిపిస్తాయి.

కనుక శీతకాలపు ప్రయాణమనేది ఈ రెండు పట్టణాల సీమకు కొత్తది కాదు. డిసెంబరులో కొద్దిమంది ఏ పట్నం చూడవలెనా అని ఆలోచిస్తారు. అదే డిసెంబరులో వేలమంది ఏ ఊరిలో కూలి దొరుకుతుందా అని ఆలోచిస్తారు. మొదటివారిని నిందించి లాభం లేదు. తమ కష్టార్జితంతో, బిడ్డల ప్రేమతో ఒకసారి లోకం చూచివస్తే అందువల్ల ఎవరి కూలీ పోదు. అయితే చూచి వచ్చినవారి మీద ఒక బాధ్యత ఉన్నది. తమ ఊరి మగ్గానికి, చేనికి, పండుగకు నడుమ తెగిన దారమేదో గుర్తించగలవారు వారే. తరతరాలుగా పల్లె చేతిపనికి పట్నం అంగడి ఎట్లా నిలబడిందో కన్నులారా చూచినవారు, జాతర నెలలో నేతగాండ్లకు ఒక వరుస అంగళ్లు ఉచితంగా కేటాయించవలెనని పురపాలక సంఘాన్ని అడుగవచ్చును. అడిగే నోరు లేకపోతే చూచిన కన్ను ఉండి ప్రయోజనమేమి?

ఉపాధ్యాయులు చేయగల పని అంతకన్న పెద్దది. వలస పోయేవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకొనడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ల పద్ధతి పెట్టింది. అది ఏ బడిలో సరిగా నడిస్తే అక్కడ బల్ల ఖాళీ కాదు. నవంబరులోనే తలిదండ్రుల ఇండ్లకు పోయి, “అన్నా, పిల్లను మాకు వదలిపో, మేము చూసుకుంటాము” అని చెప్పే ఉపాధ్యాయుడు ఆ పిల్లకు ఏ దేశమూ చూపించలేని మేలు చేసినవాడవుతాడు.

ఇక తరగతిలో. సెలవుల తరువాత ‘నేను చూచిన ఊరు’ అని వ్యాసం వ్రాయించడం పాత పద్ధతి. దుబాయి చూచివచ్చిన పిల్లవాడు నాలుగు పుటలు వ్రాస్తాడు. ఎక్కడికీ పోనివాడు తిరుపతి మీద పుస్తకంలోని నాలుగు వాక్యాలు కాపీ చేస్తాడు. ఎండకాలం మొదట్లో గుంటూరు నుండి తిరిగివచ్చిన పిల్లను మాత్రం ఎవరూ వ్రాయమనరు. ఆమె చూచినది యాత్ర అని ఎవరికీ తోచదు. కాని ఆమెకు తెలిసినదెంతో ఉన్నది. మిరపకోతలో ఘాటు కన్నుల కెక్కకుండ తల గుడ్డ ఎట్లా చుట్టుకోవలెనో తెలుసు. అక్కడి తెలుగుకు, ఇక్కడి తెలుగుకు తేడా తెలుసు. గుడిసెలో సంక్రాంతి ఎట్లా జరిగిందో, ముగ్గు వేయడానికి వాకిలి ఉన్నదో లేదో తెలుసు. వీరాస్వామయ్య విచారించి తెలుసుకొన్న పంటలు, ధరలు, నీటి వసతులు ఆమె బ్రతుకులోనే ఉన్నాయి.

చలికాలపు పండుగకు ఏ పట్నం పోవలెనని అడిగే కుటుంబానికి డ్రెస్డెన్ అని చెప్పవచ్చును, పోర్ట్ లూయీ అని చెప్పవచ్చును. రెండింటికీ మూడు ప్రశ్నలు మూటకట్టుకొని పోవలె. పోలేనివారు పుష్యపౌర్ణమికి ఎమ్మిగనూరు పోవచ్చును. ఆ మూడు ప్రశ్నలు అక్కడ కూడ చెల్లుతాయి. ఎక్కడికి పోయినవారైనా తిరిగివచ్చి తరగతిలో ఒక వ్యాసం చదివి వినిపింతురు గాక. ఆ వ్యాసం ముగిసిన తరువాత సుగ్గి నుండి వచ్చిన పిల్లను కూడ లేపి, ఆమె వ్యాసం చదివించవలె. దానికి కూడ మార్కులు వేయవలె.